ఉదయగిరికి వెళ్ళిన సగం

1987, మార్చి 8, ఆదివారం. ఆత్మకూరు

లెక్కలు లెక్కల పుస్తకంలో రాసేశాను. అందులో పట్టనివి ఇక్కడ.

పొద్దున అద్దె పుస్తకాల అంగడి తెరిచి ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. పోయిన సంవత్సరం దాకా ఆదివారం నిలబడటానికి చోటుండేది కాదు. ఇప్పుడు ఆదివారం పొద్దున జనమంతా పంచాయతీ ఆఫీసు టీవీ ముందరే. హిందీ సీరియల్ ఒకటి, దూర్ కే తారే. ఆకాశంలో పోయే ఓడ, అందులో ఒక కెప్టెను, ఒక మరమనిషి. హిందీ రానివాళ్ళు కూడా నోరు తెరుచుకుని చూశారు. చివరి నాలుగు వారాలు చూద్దామనేసరికి ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నెల్లూరు నుంచి కొత్తది వచ్చేలోపల సీరియల్ అయిపోయింది.

ఇప్పుడు అందరూ వచ్చి చివరికి ఏమయింది శీనయ్యా అని నన్ను అడుగుతున్నారు. నాకేం తెలుసు. మాలకొండయ్య గారు మాత్రం చెప్తున్నారు. ఆయన తాలూకాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మా అంగడి బల్ల మీద కూర్చుని ఊరికే చదువుతారు, ఒక్క పుస్తకం ఇంటికి తీసుకుపోరు. ఆయన రోజుకొక ముగింపు చెప్తారు.


మార్చి 15, ఆదివారం

విజయవాడ పార్సిల్లో ఆ సీరియల్ నవల వచ్చింది. తెలుగులో 'దూర తారలు'. రాసినాయన పేరు ఇంతకుముందు విన్నది కాదు. ఒక్కటే కాపీ పంపారు. రెండోది జూన్‌లో అట.

అంగడి మూసి చదివాను. భూమ్మీద బావులన్నీ ఎండిపోతాయి. రెండొందల మంది ఓడ ఎక్కి నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ పోతారు. కెప్టెన్ విక్రాంత్. మరమనిషి పేరు శూన్య. సగం కథలో నీళ్ళ ట్యాంకు పగులుతుంది. కెప్టెను బయటికి వెళ్ళి అతుకు వేస్తాడు. ఆయన తిరిగి వచ్చేలోపల తలుపు మూయకపోతే లోపలివాళ్ళు చస్తారు. శూన్య తలుపు మూసేస్తాడు. ఆ తర్వాత సగమంతా శూన్య కథ. తలుపు సంగతి ఎవరికీ చెప్పడు. తనకు చల్లదనానికి పోయాల్సిన నీళ్ళు కూడా పిల్లలకు పోసి, రోజురోజుకీ మెల్లగా అయిపోతూ, ఓడని ఒడ్డు చేరుస్తాడు.

నాకు నచ్చింది. ఎందుకో రాయను.


మార్చి 19, గురువారం

లావు పుస్తకం ఒక్కరికిస్తే పది రోజులు రాదు. అందుకని లావు నవలలు నడిమికి కోసి రెండుగా బైండు చేయించడం మా అంగడి పద్ధతి. ఒకరు మొదటి సగం చదువుతుంటే ఇంకొకరు రెండోది. దీన్నీ అట్లాగే బైండింగు మస్తానయ్యకు ఇచ్చాను. రెండిటికీ వెనక నాలుగేసి తెల్ల కాయితాలు.

ఆ కాయితాలు కూడా మా పద్ధతే. అంగడి పెట్టిన కొత్తలో చదివేవాళ్ళు అంచుల మీద రాసేవాళ్ళు. వీడు దొంగ, నమ్మొద్దు అని ఇరవయ్యో పేజీలోనే రాస్తే వెనక చదివేవాళ్ళు ఏం కావాలి. హీరోయిన్ బొమ్మకు మీసాలు. అందుకని మీ అభిప్రాయాలు వెనక రాయండి అని తెల్ల కాయితాలు కుట్టించాను. ఇప్పుడు జనం ముందు వెనక కాయితాలు చదివి, తర్వాతే పుస్తకం అద్దెకు తీసుకుంటారు. నేను మాత్రం ఈ పదేళ్ళలో ఒక్క ముక్క రాయలేదు. మాట్లాడటమే తక్కువ నాకు. నోట్లో బంగారం దాచుకున్నావా అని మా అమ్మ అడుగుతుంది.


మార్చి 24, మంగళవారం

తప్పు జరిగింది.

మంగళవారం మంగళవారం ఉదయగిరికి బస్సులో ఒక పెట్టె పుస్తకాలు పంపుతాను. అక్కడ దిల్షాద్ బేగం గారు వాళ్ళ వరండాలో పెట్టి అద్దెకిస్తారు. వాళ్ళది కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే ఇల్లు. వారం తిరిగాక పెట్టె వెనక్కి వస్తుంది.

ఇవాళ మస్తానయ్య బైండింగు తెచ్చిచ్చాడు. రెండూ ఎర్ర క్యాలికో గుడ్డ అట్టలే, రెండిటి మీదా నేనే పేరు రాసిన చీటీ. ఒకటి, రెండు అని నంబరు వెయ్యాలి. తెల్ల పెయింటు డబ్బా మూత తీస్తుండగానే కండక్టర్ వలి హారన్ కొట్టించాడు. బస్సు నీ మామగారిదా అన్నా, రా, అని అరుస్తున్నాడు. బల్ల మీది ఎర్ర పుస్తకం తీసి పెట్టెలో వేశాను. రెండు సగాలూ ఒకే చోటికి పోవాలని కూడా తోచలేదు. బస్సు పోయాక మిగిలింది చూస్తే మొదటి సగం.

పోనీ పేజీ నంబర్లు చూసి తెలుసుకుంటారులే అనుకున్నాను. చూస్తే నంబర్లు లేవు. మస్తానయ్య అంచులు లోపలికంటా కోసేశాడు. అధ్యాయాలకు కూడా నంబర్లు లేవు, మూడు చుక్కలే.

వచ్చే వారం పెట్టె రాగానే సరిచేస్తాను.


మార్చి 31, మంగళవారం

పెట్టె వచ్చింది. ఎర్ర పుస్తకం వెనక కాయితాలు రెండు నిండిపోయాయి. వారంలో ఇంతమంది ఎట్లా చదివారని వలిని అడిగాను. చదవలేదంట, విన్నారంట. సాయంత్రం వరండాలో ఆడవాళ్ళు చెంచాలు నునుపు చేస్తూ కూర్చుంటే టీచరమ్మ పైకి చదివిందట. వీధి వీధంతా అక్కడే.

అభిప్రాయాలు చదివి చాలాసేపు నవ్వుకున్నాను.

హజరాబీ అనే ఆమె చెప్పగా రాసినది: ఈ శూన్య లాంటి అల్లుడు దొరికితే చాలు. తాగడు, తినడు, అలగడు, నీళ్ళు అందరికీ పోసి తను మానుకుంటాడు. ఎవరో పేరు లేకుండా రాశారు, రెండొందల మంది బట్టలు ఎక్కడ ఉతుకుతారో రచయిత రాయలేదు, మగవాడే అయి ఉంటాడు. బోర్లు వేసే ఆయన ఒకరు, చివర్లో నీళ్ళు పడినాయి అన్నారు గాని ఎన్ని అడుగుల్లో పడినాయో చెప్పలేదు, నమ్మేది ఎట్లా అని. వాళ్ళ ఊరి పాస్టరు గారు శూన్య త్యాగం ఆదివారం ప్రసంగంలో వాడుకుంటానన్నారు.

అందరికీ ఇదే మొత్తం నవల. ఒక్కరికీ అనుమానం రాలేదు.

చివరిది ఆ చేతిరాత. మూడేళ్ళుగా ఉదయగిరి నుంచి వచ్చే ప్రతి పుస్తకంలో నేను ముందు వెతికే చేతిరాత. గుండ్రంగా, తొందర లేకుండా ఉంటుంది. కింద ఆర్. అని మాత్రమే ఉంటుంది. రెబెకమ్మ. వరికుంటపాడు బడిలో టీచరు. ఉదయగిరిలో తల్లితో ఉంటుంది, బస్సులో పోయి వస్తుంది. ఇదంతా వలి చెప్పిందే. నేను చూడలేదు.

ఆమె రాసింది ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

'ఈ కథకు మొదలు లేదు. తలుపు మూశాక శూన్య ఎవరితోనూ మాట్లాడలేదు అని మొదలవుతుంది. ఏ తలుపో, ఎందుకు మూశారో చెప్పలేదు. ముందు చిరాకు వేసింది. తర్వాత ఆలోచిస్తే మనం మనుషుల్ని కలిసేది కూడా ఇట్లాగే గదా, సగంలో. అంతకుముందు సంగతి మనకెవరు చెప్తారు? ఈ రచయిత ధైర్యం నాకు నచ్చింది. శూన్య మాట్లాడడు, చేస్తాడు. మాట్లాడనివాళ్ళని నమ్మవచ్చు. ఆర్.'

ఎన్నిసార్లు చదివానో.

అది రచయిత ధైర్యం కాదమ్మా, వలి హారన్.


ఏప్రిల్ 5, ఆదివారం

ఇక్కడ మొదటి సగం చేతులు మారుతోంది. మీద నంబరు లేదు గదా, ఇంకో సగం ఉందని వీళ్ళకూ తోచలేదు. వీళ్ళకు కథ తలుపు మూయడంతోనే అయిపోయింది.

మాలకొండయ్య గారు మొదటిసారి ఒక పుస్తకం ఇంటికి తీసుకుపోయారు. ఒక కాయితం మొత్తం ఆయనే రాశారు. తెలుగులో ఇట్లా ముగించే మొనగాడు ఇన్నాళ్ళకు పుట్టినాడట. కెప్టెను బయట, జనం లోపల, మధ్యలో తలుపు, అంతే, అంతకంటే ఒక్క మాట రాస్తే చెడిపోయేదట.

మర్రిపాడు మహబూబ్ సుభాని లారీ డ్రైవరు, వారానికి రెండు పుస్తకాలు చదువుతాడు. ఆయన రాసింది: ఆ మరమనిషి లాంటి క్లీనరు నా బండిలో ఉంటే మర్రిపాడు దాటకముందే దించేసేవాణ్ణి. ఓనరును రోడ్డు మీద వదిలేసి బండి తోలుకుపోయేవాడు ఏం మనిషి. మరమనిషి అయినా సరే.

అంగడి మళ్ళీ నిండుతోంది. ఆదివారం టీవీ కట్టేసి వస్తున్నారు.


ఏప్రిల్ 7, మంగళవారం

మొదటి సగం పెట్టెలో పెట్టాను. తీశాను. అది పంపితే ఆమె రాసిన మాటలు ఏం కావాలి. వీధిలో అందరి ముందర చదివి వినిపించిన మనిషి. ధైర్యం నచ్చిందని సంతకం పెట్టిన మనిషి.

ఇంకో వీధివాళ్ళు కూడా వింటారంట, ఎర్ర పుస్తకం మళ్ళీ పంపమని దిల్షాద్ బేగం గారు చెప్పి పంపారు. మళ్ళీ రెండో సగమే పంపాను.


ఏప్రిల్ 19, ఆదివారం

సుభాని కోపంగా వచ్చాడు. ఉదయగిరికి సిమెంటు వేసుకుపోయి టీ బంకు దగ్గర దిగాడట. అక్కడ ఈ నవల మాట వచ్చింది. శూన్య హంతకుడు అన్నాడట ఈయన. బంకు చుట్టూ ఉన్నవాళ్ళు గ్లాసులు దించారట. శూన్య దేవుడయ్యా, ముందు పుస్తకం చదివి రాపో అన్నారట. కెప్టెను ఉసురు తగలదా అని ఈయన అడిగితే, ఏ కెప్టెను, ఎప్పుడో చచ్చినాడని అంటారే ఆయనా, ఆయనకు కథలో ఏం పని అన్నారట. ఈయన టీ కూడా తాగకుండా వచ్చేశాడు.

శీనన్నా, ఆ ఊళ్ళో ఒక్కడు కూడా చదవలేదు, చదివినట్టు నటిస్తుండారు, అన్నాడు. లేకుంటే వాళ్ళకు వేరే ప్రింటు ఏమన్నా పంపినావా, అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. టీ తెప్పిస్తానన్నాను.


ఏప్రిల్ 26, ఆదివారం

మాలకొండయ్య గారికి ఈ తగువు తెలిసింది. ఆయనకు పండగ. అంగడి పెట్టి పదేళ్ళయింది గదా, పాఠకుల సభ పెడదాం అన్నారు. మే ముప్పై ఒకటి, ఆదివారం, అంగడి పక్క హోటలు వెనక పందిరి వేసి. విషయం, 'దూర తారలు' నవలలో గొప్పవాడు ఎవరు, కెప్టెనా, శూన్యా. ఆత్మకూరు తరపున ఆయన. ఉదయగిరి తరపున, వెనక కాయితంలో ఆర్. అని రాస్తుందే ఆ టీచరమ్మ.

వద్దండి అన్నాను. ఎందుకురా అన్నారు. బల్ల మీది పుస్తకాలు సర్దాను. నీకు మాట రాదు గాబట్టి ఊరందరికీ రాకూడదా అన్నారు.

వలి చేత కబురు పంపేశారు. ఉదయగిరి వాళ్ళను సుభాని లారీలో తీసుకొస్తాడట. నిజం ఏందో అందరి ముందర తేలాలి అంటున్నాడు.


ఏప్రిల్ 28, మంగళవారం

ఒప్పుకుందట.


మే 5, మంగళవారం

ఆమె సభలో లేచి ఏం చెప్తుందో నాకు తెలుసు. మొదలు లేని కథ అని మొదలుపెడుతుంది. పందిట్లో సగం మంది ఆ మొదలు చదివినవాళ్ళు. నవ్వుతారు. మాలకొండయ్య గారైతే ఆ నవ్వు సంవత్సరం పాటు దాచుకుని వాడుకుంటారు.

చీటీ రాశాను. అమ్మా, తమరు చదివింది రెండవ భాగము. చదువుకుంటే కోర్టు నోటీసులా ఉంది. చించేశాను.


మే 12, మంగళవారం

ఇవాళ చీటీ లేకుండా మొదటి సగమే పెట్టెలో పెట్టాను. బస్సు కదిలాక పరిగెత్తి ఆపించి తీసుకున్నాను. చీటీ లేకుండా చూస్తే తనను ఎగతాళి చెయ్యడానికే పంపామనుకోదూ.

వలి చాలా మాటలన్నాడు. పుస్తకం పెడతావు, తీస్తావు, ఏందన్నా నీ బాధ, ఏమన్నా చెప్పాల్సింది ఉంటే నువ్వే ఎక్కు, టికెట్టు కొట్టిస్తా, అన్నాడు. బస్సులో వాళ్ళందరూ నన్నే చూశారు.

ఆమెకు ముప్పై దాటాయట. తమ్ముడి చదువు అయ్యేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దన్నదట. తమ్ముడికి ఈ మధ్యే ఉద్యోగం వచ్చిందట. ఇవన్నీ నేను అడగలేదు. టికెట్లు కొట్టే మిషను లాగా వలి చెప్పుకుంటూ పోతాడు. మా అమ్మ పక్కనే ఉండి విన్నది. మన చర్చి సంఘం వాళ్ళేనా అని అడిగింది. వలి అవునన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను పెట్టె వైపు చూశాను.


మే 21, గురువారం

ఇన్నాళ్ళూ ఆమె పరువు కోసం దాచానని రాసుకుంటూ వచ్చాను. అది సగమే. మాట్లాడనివాళ్ళని నమ్మవచ్చు అని ఒక మనిషి రాసింది. ఆ మాట నా గురించి కాదని తెలుసు. అయినా పోగొట్టుకోబుద్ధి కాలేదు.

శూన్య కూడా తలుపు సంగతి చెప్పలేదు.


మే 28, గురువారం. ఉదయగిరి వెళ్ళి వచ్చాను

పొద్దున బస్సెక్కాను. వలి టికెట్టు కొడుతూ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ ఇబ్బందిగా ఉండింది.

దిల్షాద్ బేగం గారి వరండా నిండా కొయ్య పొట్టు. నన్ను చూసి లేవలేదు. పెట్టె మంగళవారం గదా, నువ్వు గురువారం వచ్చినావేందబ్బాయ్ అన్నారు. ఎర్ర పుస్తకం సంచిలోంచి తీశాను. ఆమె దాన్ని చూసి నవ్వారు. ముందు సగమేనా, అన్నారు.

ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసట. ఆ చుట్టుపక్కల టీవీ ఉన్నది వాళ్ళ అన్నగారింట్లోనే. కొండ అడ్డమై బొమ్మ సగం సగం వచ్చినా, మాట వినపడేది. ఉర్దూ వచ్చినవాళ్ళకు ఆ హిందీ ఎంత పని. కెప్టెను ఎట్లా పోయినాడో ఆమె కళ్ళారా చూశారు. మరి చెప్పలేదేం అంటే, గిరాకీ బాగుండాది, పిల్లలు బాగా వింటుండారు, చెడగొట్టేది ఎందుకని ఊరుకున్నాను అన్నారు. నువ్వు చెప్పాల్సింది నాకు కాదు, ఆ పిల్లకు, అని మనవణ్ణి పంపించారు.

రెబెకమ్మ వచ్చింది. పొట్టిగా ఉంది. చేతిరాత చూసి పొడుగు మనిషి అనుకున్నాను. గొడుగు మూసి గోడకు ఆనించి నిలబడింది. ఎవరని అడగలేదు, దిల్షాద్ బేగం గారే చెప్పారు, ఆత్మకూరు శీనయ్య, పుస్తకాలాయన.

బస్సులో వస్తూ చాలా మాటలు కూర్చుకున్నాను. ఇది ముందుది, అని పుస్తకం చేతికిచ్చాను. రెండే మాటలు.

మొదటి పేజీ తిప్పింది. నిలబడే చదివింది. తర్వాత మెట్టు మీద కూర్చుని చదివింది. నేను అరుగు చివర కూర్చున్నాను. ఊరికే కూర్చునేవాళ్ళంటే దిల్షాద్ బేగం గారికి పడదు. చేతికొక చెంచా, ఒక ఉప్పు కాయితం ఇచ్చి రుద్దమన్నారు. రుద్దాను. టీ వచ్చింది. అన్నం తినమంటే వద్దన్నాం ఇద్దరం. మళ్ళీ టీ వచ్చింది. ఎండ వరండాలోకి వచ్చి పోయింది. ఆ చెంచా అంతగా ఆ ఇంట్లో ఏ చెంచా నునుపుదేరి ఉండదు.

ఆమె పుస్తకం మూసింది. చివరి మాట నాకు కంఠతా వచ్చు. తలుపు మూసుకుంది.

ఎప్పటి నుంచి తెలుసు మీకు, అని అడిగింది. పంపిన రోజే, అన్నాను. రెండు నెలలా, అన్నది. తల ఊపాను. వీధి మొత్తానికి చదివి వినిపించాను గదండీ, అన్నది. మెల్లగానే అన్నది. పుస్తకం, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

దిల్షాద్ బేగం గారు ఒక చెంచా చెక్కుతూ, కోపం వచ్చింది మంచిదే, కోపం లేకుంటే పుస్తకం ఇక్కడే పెట్టి పోయేది, అన్నారు.

ఇంటికి వచ్చి చొక్కా విప్పితే జేబులో ఆ చెంచా.


మే 30, శనివారం

పందిరి వేశారు. ఆమె వస్తుందో రాదో వలికి కూడా తెలీదు.


మే 31, ఆదివారం

వరసగా రాస్తాను.

సుభాని లారీ హారన్ ఊరి బయట నుంచే మోగిస్తూ వచ్చాడు. వెనక ఉదయగిరి ఆడవాళ్ళు, పిల్లలు, బోర్ల ఆయన. హజరాబీని ఇద్దరు పట్టుకుని దించారు. దారి పొడుగునా శూన్య గురించి సుభానితో పోట్లాడారట, ఆయన గొంతు పోయింది. చివరికి క్యాబిన్‌లోంచి దిల్షాద్ బేగం గారు దిగారు. ఆమె వెనక గొడుగు కనపడింది.

నా వైపు చూడలేదు. మొదటి వరసలో కూర్చుంది. ఒళ్ళో ఎర్ర పుస్తకం. ఒక సగమో రెండూనో అక్కడి నుంచి తెలియలేదు.

మాలకొండయ్య గారు ఇస్త్రీ పంచె కట్టుకొచ్చారు. మూసిన తలుపు మీద మాట్లాడారు. ముగింపు అంటే ఇదీ అన్నారు. తలుపు మూసుకున్నాక పాఠకుడి గుండె తెరుచుకుంటుంది అన్నారు. ఆత్మకూరు వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఉదయగిరి వైపు గుసగుసలు. ఏ తలుపు, ఏ ముగింపు, చివర్లో తలుపు తెరుచుకుంటే నీళ్ళు కనపడతాయి గదా, ఈయన చదివింది ఏ పుస్తకం, అని హజరాబీ పైకే అడిగింది. సుభాని పోయిన గొంతుతోనే లేచాడు. చూసినారా, చదవలేదని చెప్తే విన్నారా, అన్నాడు. నీకు చదువు వచ్చునా అసలు, అన్నాడు బోర్ల ఆయన. పిల్లలు బెంచీలెక్కారు.

మాలకొండయ్య గారు చెయ్యెత్తి, టీచరమ్మ లేచి సమాధానం చెప్తుంది, అన్నారు.

ఆమె లేవబోయింది. అంతకుముందే నేను లేచాను. ఎట్లా లేచానో తెలీదు. పదేళ్ళలో ఆ జనం నా గొంతు ఇంతసేపు విని ఉండరు.

పుస్తకం ఒక్కటే, అన్నాను. రెండుగా కోయించాను. ముందు సగం ఇక్కడ, వెనక సగం అక్కడ. తప్పు నాది. టీచరమ్మ గారికి మొన్నటిదాకా తెలీదు. ఎవరు చదివింది వాళ్ళు సరిగ్గానే చదివారు.

కూర్చున్నాను.

ముందు నవ్వింది సుభాని. బెంచీ మీద పడి నవ్వాడు. బోర్ల ఆయన దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు, అదీ సంగతి, నీది వేరే ప్రింటే, అన్నాడు. అందరూ నవ్వడం మొదలుపెట్టారు. పేజీ నంబర్లు ఏమయినాయిరా అని ఎవరో అడిగితే అందరూ మస్తానయ్యను చూశారు. నా కత్తికి అక్షరాలూ అంకెలూ తేడా తెలీదు, అన్నాడు ఆయన. మాలకొండయ్య గారొక్కరే నవ్వలేదు. సగం నవలకేనా నేను ఒక కాయితం రాసింది, చెప్పొద్దా వెధవా, అన్నారు. ఊరికే చదివేవాళ్ళకు సగం చాలదా స్వామీ అన్నాడు వలి. అప్పుడు ఆయనక్కూడా నవ్వు వచ్చింది.

రెబెకమ్మ లేచి నిలబడింది. అందరూ సర్దుకున్నారు.

నేను ఈ కథకు మొదలు లేదని రాశాను, అన్నది. మొన్న మొదలు చదివాను. బాగుంది. అయినా నేను రాసింది కొట్టెయ్యను. శూన్యను మేం సగంలో కలిశాం, మంచివాడనుకున్నాం. ఆయన ఏం చేశాడో తెలిశాక కూడా మంచివాడే అంటాను. ఒక్క వాక్యం మాత్రం కొట్టేస్తున్నాను. మాట్లాడనివాళ్ళని నమ్మవచ్చు అని రాశాను. ఆ ఓడలో రెండొందల మంది ఉండి, ఏమయింది శూన్యా అని ఒక్కరన్నా అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడేమో. మాట్లాడనివాళ్ళని అడగాలి.

పెన్ను తీసి వెనక కాయితం మీద ఒక గీత గీసింది. కూర్చుంది.

తర్వాత ఎవరూ ఇళ్ళకు పోమన్నారు. మాకు తెలియని సగం చదవండి అన్నారు. మాలకొండయ్య గారు ముందు సగం, రెబెకమ్మ వెనక సగం. అంతా ఎక్కడ చదువుతారు, ముఖ్యమైనవే చదివారు. కెప్టెను బయట ఉండిపోయినప్పుడు హజరాబీ ఏడ్చింది. శూన్య తన నీళ్ళు పిల్లలకు పోసినప్పుడు సుభాని ముక్కు చీదుకున్నాడు. సరే, బండి ఎక్కించుకుంటా, అన్నాడు.


జూన్ 2, మంగళవారం

పెట్టెలో రెండు సగాలూ వచ్చాయి. మస్తానయ్యకు ఇచ్చి ఒకటిగా కుట్టమన్నాను. అంచుల జోలికి పోవద్దన్నాను. రెండు ఊళ్ళ అభిప్రాయాలూ చివర వరసగా పెట్టమన్నాను.

ఇచ్చేముందు చూశాను. కొట్టేసిన వాక్యం కింద, ఖాళీగా ఉన్న చోట, కొత్తగా రాసి ఉంది.

'రెండు ఊళ్ళు చెరి సగం చదివాయి. మొదటి నుంచీ మొత్తం తెలిసి చదివింది ఒక్కరే. ఆయన అభిప్రాయం ఏ పుస్తకంలోనూ లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి వచ్చి చెప్పగలరా? మా అమ్మ ఉంటుంది. మీ అమ్మగారినీ తీసుకురండి. దిల్షాద్ బేగం గారికి డజనులో ఒక చెంచా తగ్గిందట, అదీ తెచ్చివ్వండి. ఆర్.'

అమ్మకు చదివి వినిపించాను. అమ్మ పెట్టె తెరిచి పట్టుచీర తీసి ఎండలో వేసింది. మంగళవారమే.


జూన్ 7, ఆదివారం. ఉదయగిరి

అడిగింది. చెప్పాను. నవల గురించి కాదు.

చెంచా ఇవ్వడం మర్చిపోయాను. వచ్చే ఆదివారం తెమ్మన్నారు వాళ్ళ అమ్మగారు.